రక్తానికి చన్నీళ్లు

ముహర్రఖ్‌ల మా లాండ్రి వెనుక గది.
ఆరు మంచాలు, ఒక్క పెద్ద ఫోను.
బేస్తారం రాత్రి దాన్ని పచ్చడి సీసకు ఆనిచ్చి
సినిమా పెడ్తరు.
గ్యాంగుదా, కరాటెదా?
మొదటి కొట్లాట అక్కడ్నే.

నా ఓటు కరాటెకు.
అండ్ల పోరడు మూడేండ్లు వాకిలి ఊడుస్తడు,
బిందెలు మోస్తడు,
గురువు ఒక్క మాట చెప్పడు.
అది నాకు సమజైతది.
నన్ను గూడ మొదటి యేడు ఇస్త్రిపెట్టె ముట్టనియ్యలే,
ఊడిన గుండీలు లెక్కవెట్టుడే పని.
ఇంకోటి, కొట్టినోని చెయ్యి గూడ నొస్తదని
ఆ సినిమాలల్లనే చూసిన.
ఒకడు గెలిచినంక ఇంటికి పోయి
బియ్యం డబ్బల పిడికిలి పెట్టుకొని కూసున్నడు, ఎవ్వలికి చెప్పకుంట.

ఓదేలుకు గ్యాంగు సినిమాలంటె పానం.
ఒకడు ఉత్త చేతులతోని ఓడరేవుల దిగుతడు,
ఒక్క పాట అయ్యేసరికి రేవంత వానిదే.
మనం గూడ ఉత్త చేతులతోనే దిగినం గదరా అంటె
"మనకు పాట పెట్టుడు మర్చిపోయిన్రు" అంటడు.

ఇగ నా అసలు పంచాది అంగీలది.
తెల్లంగి, తెల్లకోటు, తెల్లప్యాంటు.
పదిమందిని నరికొస్తడు,
మల్ల సీన్ల మల్లెపువ్వు.
ఎవడు పిండిండు?
రక్తానికి చన్నీళ్లు పొయ్యాలె, ఉప్పు రుద్దాలె.
తొందరపడి వేన్నీళ్లల్ల ముంచినవా,
అంగీ చినిగేదాక ఆ మరక నీతోనే ఉంటది.
ఈ ముచ్చట తెలిసినోడు
ఆ సినిమాలు తీసేటోళ్లల్ల ఒక్కడు లేడు.

ఒకపారి నిజంగనే వచ్చింది,
తెల్లటి తోబు, రొమ్ము మీద అరచేయంత ఎరుపు.
ఓదేలు దాన్ని రెండు వేళ్లతోని పట్టి
"ఎవడో పెద్ద డానే" అన్నడు. షాపంత గుసగుస.
ఐతారం నాడు వచ్చిండు ఆసామి,
బుగ్గ బూరె లెక్క వాచి.
పన్ను పీకిచ్చుకున్నడట.
మరక పోయిందని చూసి నూరు ఫిల్సులు ఎక్కువిచ్చిండు.

రెండు తీర్ల సినిమాలల్ల నచ్చనిది ఇంకొకటున్నది.
దెబ్బలు తినేటోళ్లు ఒక్కొక్కడే ఎందుకొస్తరు?
మిగిలినోళ్లు చుట్టు నిలబడి
రేషన్ దుకాన్ల లెక్క వంతు కోసం చూస్తరు.
"ఒక్కసారే వస్తే ఓవర్‌టైం రాదు" అంటడు తమాంగ్,
నేపాలోడు, మా సినిమాలు చూసే తెలుగు నేర్సిండు.

మొన్న షట్టర్ దించినంక
సూపర్‌వైజర్ ఓదేలును చెంప మీద కొట్టిండు.
ఒక కాలరు మాడింది, అంతే.
మిద్దె మీద మాకు తన్నులు నేర్పేటోడు ఓదేలు,
గాల్లె ఒక సుట్టు తిరిగి దిగేటోడు.
ఏం జెయ్యలే.
చేతుల ఉన్న అంగీని మడత పెట్టిండు,
చేతులు లోపలికి, కాలరు పైకి.
ఇంకో అంగీ తీసుకున్నడు.
నేను గూడ ఏం జెయ్యలే. అది గూడ రాయాలె.

ఆ రాత్రి సినిమా వద్దనుకున్నం.
ఓదేలే పెట్టిండు.
హీరో పదకొండు మందిని పడగొట్టిండు,
ఎవ్వలం ఈల వెయ్యలే.
"ఆపు" అన్నడు. "జర వెనుకకు తియ్యి."
మూలకు పడ్డోన్ని చూపెట్టిండు.
పేరు లేనోడు, డైలాగు లేనోడు,
సచ్చినట్టు పన్నోడు.
"వాని కడుపు సూడున్రి."

కెమెరా హీరో మీదికి పోతున్నది.
ఆ మూలకు, చినిగిన బనీను కింద,
మెల్లగ లేస్తున్నది, దిగుతున్నది.

మల్లొకపారి వెనుకకు తీసినం.