మూడో గుండీ

షువైఖ్ గ్యారేజీల సందులో
సిమెంటు మీద నీళ్లు చల్లితే చప్పుడు చేసే మధ్యాన్నం
అట్టపెట్టె కోసి బయటికి లాగినా.
సముద్రాలు దాటొచ్చిన నల్లగుడ్డ.
టాపు లేని పాతకాలం పచ్చకారుకు,
రెండే సీట్ల కారుకు, కొత్త ముసుగు.

పరిచి చూస్తే కుడిపక్కన ఒక మూపురం.
కోడెదూడకు అప్పుడప్పుడే లేస్తాండే మూపురం మాదిరి.
దాని కింద స్టీరింగు తల దాచుకోవాలంట.
ఈ దేశంలో స్టీరింగు ఎడమపక్క కదా!

నడుమ నిలువునా జిప్పు.
లోపలి మడతలో మూడు ఇత్తడి టిచ్చుగుండీలు.
వాటికి జోడీ కారంతా వెతికినా యాడా లేదు.
"కుట్టినోళ్లకు తెలీదా, నువ్వు బిగించెయ్యి"
అంటాడు బిజుమోన్, చాయ్ ఊదుకుంటా.

అబూ మిషారీ సాయంత్రం వచ్చినాడు
పాత ముసుగును చాపమాదిరి చంకన పెట్టుకొని.
దాంట్లోనూ మూడు గుండీలే.
రెండు అరిగి బంగారం.
మూడోది నల్లగా, చెయ్యే తగలనట్టు.

జిప్పు లాగి, ఒక సగం మడిచి
సీటు వెనకాల దోపి
దానికదే పట్టించినాడు: టక్, టక్.
"ఒక్కడివే పోతే పక్కసీటు మూసే ఉంచు. ఇసక పడదు."

వెలిసిన గుడ్డను చూసినా.
రెండు సగాలూ ఒకే రంగు.
అడగబోయి దారం కొరికినా.

"మరి ఇదేంది?"
మూడోదాని మీద వేలు పెట్టినా.
భుజాలెగరేసి నవ్వినాడు.
ముప్పై ఏండ్లుగా ఆయనా అడుగుతానే ఉండాడంట.

మూపురం విప్పి ఎడమకు మార్చాల.
కత్తెర పెట్టకముందు
దాని కింద చెయ్యి దూర్చినా, ఊరికే.
గువ్వలచెరువు ఘాట్లో జీపు తోలిన చెయ్యి
గాలినే పట్టుకొని
ఒక మలుపు తిప్పింది.

ఇప్పుడు కుడిపక్క అతుకు.
ఎంత సాపు చేసినా
ఫ్యాను తిరిగితే కొంచెం ఉబ్బుతాది.

నందలూరులో నాకు కుట్టు నేర్పిన మస్తానయ్య
జేబు మూలన తిరగేసి ఒక ముడి వేసేటోడు.
ఎందుకు మామా అంటే
"మా గురువు వేసేటోడు లేరా" అనేది.
నేనిప్పటికీ వేస్తా.

షట్టరు దించబోతా చూసినా:
కొత్తదాంట్లో మూడో గుండీ వదులు.
ఊడినా ఎవురూ కనుక్కోరు.
మళ్లీ లైటేసి
సుత్తితో రెండు దెబ్బలేసి
బిగించినా.