తుమ్మని పిల్లి

గుంటూరులో తుమ్ముకి ఆగేటట్టయితే
ఒక్క లారీ కదలదు,
ఒక్క పెళ్లిచూపుల కారూ వీధి దాటదు.
ఈ గాలికి శకునం చెల్లదని
మా ఆటలో పిల్లికి అసలు తుమ్మే రాకుండా చేశాం.

మిర్చి యార్డు రేకుల కప్పు మీద
అర్ధరాత్రి నడుస్తుందది.
కింద బస్తాలు, మధ్యలో ఎలుక,
కాపలా మనిషి దగ్గాడంటే ఒక ప్రాణం పోతుంది.
అడుగుల చప్పుడు మీరావలి కట్టాడు.
తోక నేను గీశాను, నాలుగు వందల సార్లు.
అరండల్‌పేటలో మెట్ల కింద గది,
ఒకటే ఫ్యాను, మూడేళ్లు.

ఇప్పుడు అమ్మాలి.

విష్‌లిస్టులో పెట్టుకున్నవాళ్లు ఏడువేల రెండొందల మంది.
పెట్టుకున్నవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు.
చీరల కొట్లో మడత విప్పించినవాళ్లందరూ
బిల్లు కట్టరు కదా.
నూటికి పదిమందని వేసుకో, అన్నాడు మీరావలి.
ఏడొందల ఇరవై.
తలకి మూడొందలు. రెండు లక్షల పదహారు వేలు.
ఆ అంకెని కాసేపు అలాగే ఉంచమన్నాను,
చూసుకోవడానికి.
తర్వాత కోతలు.
గంటన్నర ఆడి వాపసు ఇచ్చేసేవాళ్లు,
అంగడివాడి ముప్పై శాతం,
ఎక్కడో సముద్రం అవతల పట్టుకునే పన్ను.
లక్షా ఇరవై మిగిలింది.
ఇద్దరికి పంచి, ముప్పై ఆరు నెలలతో భాగిస్తే
నెలకి పదహారొందల అరవై ఆరు.
మీరావలి ఆ వరసని దాచేశాడు.
పట్టికలో వరసలు దాచొచ్చు.

పక్కవాడి ఆట ఎంత అమ్ముడైందో ఎవడూ చెప్పడు.
దాని కింద ఎంతమంది పొగిడారో, ఎంతమంది తిట్టారో
లెక్కబెట్టి ముప్పైతో హెచ్చవేస్తాం.
నవ్వకండి.
మా పిచ్చయ్య మావయ్య, యార్డులో కాటా గుమస్తా,
టీ బంకు ముందు ఖాళీ గ్లాసులు చూసి
రాత్రి ఎన్ని బస్తాలు దిగాయో చెప్పేవాడు.
వంద అటూ ఇటూ.
ఒక్కసారి మాత్రం వెయ్యి తప్పాడు.
ఆ రోజు హమాలీలు ఎండకి మజ్జిగ తాగారట.

సరే, ఎప్పుడు?
అక్టోబరు నిండా ఎర్ర ఇంటూలు,
పెద్ద కంపెనీల సరుకు దిగే నెల.
డిసెంబరులో సగం ధరల జాతర.
మార్చిలో పిల్లల చేతుల్లో హాల్‌టికెట్లు.
నేను పంచాంగం తీస్తే
ఎవరి రాహుకాలం, అన్నాడు మీరావలి,
సర్వరుదా, మనదా?

మావయ్యనే అడిగాను.
ఎండుకాయ ఒకటి చెవి దగ్గర ఆడిస్తూ
గింజ మోగుతోందా అని వింటున్నాడు.
"ఏందమ్మాయ్, ఆ రోజు మీ యార్డుకి ఎన్ని బస్తాలొస్తన్నయ్?"
మంగళవారమైతే నలభై ఆటలు.
"సరుకు తక్కువొచ్చిన రోజు రేటు పలుకుద్ది.
కొనేవోడూ రాకపోతే పలకదు."
ఏసీలో పెట్టి ఆగితే?
"రంగు నిలుస్తది. వడ్డీ నిలవదు,
నడుస్తానే ఉంటది."
కాయ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను.

జూన్ మొదటి మంగళవారం.
యార్డుకి వేసవి సెలవులు.
రాత్రి పదిన్నర, కరెంటు ఉంది.
మీరావలి వేలు మౌసు మీద పెట్టాడు.
నాకు తుమ్మొచ్చింది.

కాటాలు ఆగి రెండు వారాలైనా
ఈ ఊరి గోడల్లోంచి ఘాటు పోదు.
ఒకటే తుమ్ము.
రెండోది వస్తే దోషం పోతుందంటారు.
దానికోసం ఇద్దరం ఎదురుచూశాం,
అతను కూడా.
తెర మీద పిల్లి కూర్చుని
నాలుగు వందల బొమ్మల తోక ఆడిస్తోంది.
రాలేదు.
నొక్కేశాడు.

గంటకి పదకొండు.
పదకొండుని దేంతో హెచ్చవేయాలో
పట్టికలో ఏ గడిలోనూ లేదు.
టీకి లేచిన మీరావలి
గుమ్మం దగ్గర ఆగి
గ్లాసులు రెండేనా, అన్నాడు.