అలకట్ట

నారాయణపేట బస్టాండ్ల
మక్తల్ బస్సు ఎంతకూ రాకపాయె.
కుర్మన్న సముద్రం ముచ్చట తీసిండు.

ఊరి పేరు యాదికి లేదంట.
మేస్త్రి రైలెక్కిచ్చిండు, మేస్త్రే దించిండు.
దీపస్తంభం ఉండె, దొరల గోరీలుండె,
పాత గోదాముల మిరియాల వాసన.
"మూడేండ్లు రాళ్లేసినం నీళ్లల్ల.
ఏసిన రాయి ఏసినట్టే మునిగె,
అప్పు ఒక్కటే తేలె.
అన్ని నీళ్లుండె గానీ తాగనీకి గుక్క లేకపాయె,
అచ్చం మనూరి లెక్కనే" అని నవ్విండు.

దీపస్తంభం అనంగనే నా ఫోను తీసిన.
మొన్న సెలవులకు మేం పోయింది ఆడికే.
అలకట్ట మీద, పొద్దుగూకుతుంటే,
బజ్జీలు తినుకుంట దిగిన ఫొటో.

కుర్మన్న రెండు వేళ్లతో బొమ్మను సాగదీసి
నన్ను, నా పిల్లల్ని పక్కకు జరిపి
కింద రాళ్లు దేవులాడిండు.
"గిదో, ఈ నల్లది.
మా బుగ్గమ్మ వేలు పోయింది దీని కిందనే."

ఆ ఊరి చరిత్ర చెక్కిన పలక ముందు గూడ
నేను ఫొటో దిగిన.
ఓడలున్నయి, నవాబులున్నరు,
తుఫాన్ల లెక్కలున్నయి.
మళ్లొకసారి మొత్తం సదివిన.

బస్సు హారన్ కొట్టింది.
కుర్మన్న తువ్వాలతో ఫోను తుడిచి ఇచ్చిండు,
తడిసినట్టు.