కదలకు

డులూత్‌లో మార్చి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
మారెన్ చెవిపోగులు తీసి ప్లాస్టిక్ గిన్నెలో వేసింది.
"తలనొప్పి?"
"లేదు."
శనివారం ఐస్ హాకీ ఫైనల్ మరి.

బల్ల గొట్టంలోకి జారింది.
ఎవరో రేకు మీద సుత్తితో బాదుతున్నట్టు
నలభై నిమిషాలు.
కదలకు, అంటాడు అద్దం వెనక ఆర్విడ్.
ఏ కోచ్ నోటా ఆమె వినని మాట.

తెరమీద ఆమె మెదడు
రంగురంగుల నూలు చిలప.
దెబ్బంటూ ఎక్కడా కనపడదు.
నుదుటి వెనక ఒకచోట మాత్రం
పోగులు కాస్త పలచబడ్డాయి,
ఉతికి ఉతికి అరిగిన జెర్సీ మోచేయిలా.

"ఇందాక మూడు మాటలు చెప్పాను. గుర్తున్నాయా?"
"కొవ్వొత్తి. పడవ."

మూడోదానికోసం
కిటికీలోంచి మంచువైపు చూసింది.

ఆర్విడ్ పెన్ను మూత తీశాడు.
రాయకుండా కాసేపు ఆగాడు.