తీతువు ముద్ర

ముందు కాగితం మీద వచ్చింది,
ఢిల్లీ నుంచి, మూడు సంతకాలతో.
పైన మూడే కనిపించే నాలుగు సింహాలు,
చుట్టూ పేనిన తాడు,
అడుగున తెలుపూ నీలం అలలు,
నడుమ ఒంటికాలి మీద తీతువు పిట్ట.
ఓడ పేరు టిట్టిభ.

"రంగు తప్పకూడదు పోలారావ్" అన్నారు
లెఫ్టినెంట్ కమాండర్ బిస్త్ గారు.
"నీలం సముద్రం. తెలుపు నురగ.
కంటి ముందు ఈ ఎరుపు, పట్టు వదలని కోపం.
గుడ్లు ఎత్తుకుపోయిన సముద్రాన్ని
ముక్కుతో తోడి ఎండగడతానంది ఈ పిట్ట.
చివరికి సముద్రమే దిగొచ్చి
గుడ్లు తిరిగిచ్చేసింది. అందుకని."
తలూపాను.
డాక్‌యార్డు పెయింట్ షాపులో
తలూపడం నా గ్రేడుకి సగం పని.

ఈకల మలుపు చేతికి పట్టాలని
నకలొకటి ఇంటికి తెచ్చాను.
ఆ రాత్రి పెదజాలారిపేటలో కరెంటు లేదు.
అమ్మ దీపం దగ్గరగా పట్టి చూసింది.
"తీతువేట్రా? ఓడ మీదా?
అది అరిత్తేనే సావు కబురొత్తాదే,
దాన్ని మొగాన ఎట్టుకుని ఎల్తారా ఆ గుంటలు?"

కథ చెప్పాను, బిస్త్ గారు చెప్పినట్టే.
గుడ్ల దగ్గరికి వచ్చేసరికి
చేపల గంప కడుగుతున్న చెయ్యి ఆగింది.
"ఇచ్చేసిందా? సంద్రం?"
"ఇచ్చేసిందట."
"ఎవుడు సూసేడు?"

మా నాన్న మసేనుది
తెప్ప ఒక్కటే కొట్టుకొచ్చింది, భీమిలి అవతల,
కొయ్యకి పెట్టిన పసుపు బొట్టు చెరక్కుండా.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

కాసేపటికి అడిగింది:
"ఎంతమందుంటారు అందులో?"
"నూట నలభై."
"నూట నలబై గుడ్లు" అని
గంప బోర్లించింది.

పొద్దున్న నా టిఫిన్ గిన్నె మూత మీద
తమలపాకు మడత. విప్పితే
ఆముదపు దీపం మసి.
"ఒక్క సుక్క. ఎవులికీ కనపడని సోట."

రూలు పుస్తకంలో చుక్క లేదు.
స్టోరువాళ్లిచ్చిన ఎనామిల్ డబ్బాల్లో మసి లేదు.
మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లాక
మూడో అల మడతలో,
పిట్ట ఎత్తిన కాలి నీడలో,
కందిగింజంత పెట్టేశాను.
ఆరకముందే సైరన్ మోగింది,
నా గుండె అంతకన్నా గట్టిగా.

ఆ ఇత్తడి పలకనే చూసి
మిగతావన్నీ చేశారు, చుక్కతో సహా.
టీ కప్పుల మీద, టోపీల మీద,
పరాయి రేవుల్లో చేతులు కలిపి ఇచ్చుకునే
చెక్క జ్ఞాపికల మీద.
కొలంబోలో, మొంబాసాలో, జకార్తాలో
ఏ పెద్ద ఆఫీసరు గది గోడకో
మా అమ్మ దీపం మసి.

ఏడో ఏట చిన్న పుస్తకం వేశారు,
ముద్రలో దేనికేం అర్థమో చెబుతూ.
సింహాలకి ఒక పేరా, తాడుకి ఒక పేరా.
ఆఖరి వాక్యం:
"అలలోని నల్లని బిందువు రాత్రి కాపలాకు ప్రతీక.
అది నిద్రపోని కన్ను."
ఎవరు రాశారో, ఎవరినడిగి రాశారో!
అమ్మకి చదివి వినిపించాను.
పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వింది.
తరవాత పక్కకి తిరిగి
"నిద్దరపోనిదే, అది నిజమే" అంది.

ముప్పై ఒక్క ఏళ్లకి ఓడని పని నుంచి దించారు.
అమ్మ లేదు అప్పటికి.
సూర్యుడు కొండల వెనక్కి జారుతుంటే
జెండా దించారు, బ్యూగిల్ ఊదారు,
ముద్ర ఊడదీసి మా బల్ల మీద పెట్టారు
మ్యూజియానికి మెరుగు పెట్టమని.
గరుకు కాగితం పట్టుకుని
కొత్త అప్రెంటిస్ కుర్రాడు వంగాడు:
"మాఁవా, ఇక్కడేదో మరక. గీకేయనా?"
"గీకి చూడు" అన్నాను.
పావుగంట గీకాడు.
అల మీద నీలం పోయింది,
నురగ తెలుపు పోయింది,
చుక్క ఇత్తడిలోకి దిగి కూర్చుంది.

ఆఖరి సిబ్బంది నిచ్చెన దిగుతుంటే
నేను లెక్కపెట్టాను.
నూట పన్నెండు దగ్గర తప్పిపోయి
మళ్లీ మొదటికొచ్చాను.

ఆ రాత్రి కైలాసగిరి వైపు తీతువు అరిచింది.
పేటలో ఎవరో గబుక్కున తలుపేసుకున్నారు.
నేను లేచి
మా తలుపు తీశాను.