పోశెట్టి పాతది

శుక్రారం. షార్జా సజ్జా క్యాంపు, పద్నాలుగో రూము.
పై మంచం మీద ఎవరిదో గురక.
ఏసీ కెల్లి బకెట్ల చుక్క, మల్లొక చుక్క.
పోశెట్టి ఫోను నా చేతుల పెట్టి
"దీన్ని మల్ల మంచిగ చెయ్యి" అన్నడు,
చెడగొట్టింది నేనేనని యాది పెట్టుకోని.

నాలుగేండ్ల కింద కంపెనీ ఇచ్చిన ఫోను.
అండ్ల హాజరు యాప్ ఒకటుండె.
తీస్తే పోదు, ఆపితే ఆగదు,
ఎక్కడ నిలవడ్డవో గంటగంటకు మోస్తది.
ఆర్నెల్ల జీతం ఆగిన రాత్రి
పోశెట్టి ఖల్లివెల్లి అయితనన్నడు.
అప్పుడు రూట్ చేసిన.
యాప్‌ను పీకెయ్యలె,
దానికొక అబద్ధం నేర్పిన:
నువ్వు సజ్జాలనే ఉన్నవ్, పద్నాలుగో రూములనే ఉన్నవ్.

ఆయన అజ్మాన్‌ల కార్లు కడిగిండు,
ధైద్ తోటలల్ల ఖర్జూరం మట్టలు కోసిండు,
చేపల లారీల మీద రాత్రిపూట మంచు కొట్టిండు.
నీలం చుక్క మాత్రం
ఈ మంచం మీదికెల్లి జరగలె.
ఫోర్‌మన్ మూడుసార్లు వచ్చి
మంచం కింద వంగి చూసిపోయిండు.

ఇప్పుడు క్షమాభిక్ష పెట్టిండ్రు.
వేలిముద్రల తారీఖు ఫోనుకే వస్తదట.
సర్కారు యాప్ దీని మొకం చూసి తెరుసుకుంటలేదు,
ఈ ఫోనును నమ్మలేమంటది.
అప్‌డేట్ వచ్చి వారమైంది,
దిగుతది, తొంభై కాడ ఆగుతది, వెనక్కి పోతది.

అన్నా, ఇది ఉత్తగ కాదన్న.
డబ్బాలకెల్లి తీసిన దినం ఎట్లుండెనో
అచ్చం అట్లుంటెనే కొత్తది ఇస్తరు.
ఒక్క అక్షరం అటిటు అయినా ఒప్పుకోరు.
"నేను సుత అట్లనే ఉండాల్నా?"
అప్పుడాయనకు నలభై ఒకటి,
నల్లమీసం, రెండు మోకాళ్లు.

చార్జింగ్ డెబ్బై దాటనిచ్చినం.
నంబర్లు కాయితం మీద రాసుకున్నం.
ఫొటోలు లాప్‌టాప్‌లకు తోలిన:
కార్ల అద్దాలల్ల ఆయన మొకం, మంచు గడ్డలు,
ఎవరిదో పెండ్లి కార్డు.
మాటల రికార్డులు మూడువందల పదకొండు.
"అన్ని పోనీ. ఒక్కటి ఉంచు."
వెతికి వెతికి వినిపిచ్చిండు.
మెట్‌పల్లి మార్కెట్ల తమ్ముడు.
పసుపు క్వింటాలు ఐదువేల రెండొందలకు కొట్టిండ్రని చెప్పి,
ఇంకేం చెప్పాల్నో తెల్వక, పెట్టెయ్యక,
కాంటా మీద బస్తాలు పడ్డ చప్పుడు
ముప్పై ఎనిమిది సెకండ్లు.
వాని గొంతు ఇగ అండ్లనే ఉన్నది.

ఒక్కొక్కటి విప్పుకుంట పోయిన.
రికార్డు చేసేదాన్ని తీసిన.
అబద్ధం చెప్పేదాన్ని తీసిన.
రూట్‌ను కడకంట తీసిన.
అసలు బూట్ ఫైలు ఆనాడే దాసిపెట్టిన
'పోశెట్టి పాతది' అని పేరు రాసి.
దాన్ని ఎక్కిస్తుంటే ఆయన
లాప్‌టాప్ మీదికి వంగి చూసిండు,
కంపెనీ బీరువాల ఉన్న పాస్‌పోర్టు
ఇండ్లకెల్లి ఎల్లి వస్తదేమో అన్నట్టు.

తాళం ఇప్పుడే వెయ్యద్దు.
తాళం వేస్తే అన్ని తుడుసుకపోతయి.
దిగినంక వేద్దాం.

ఎనభై తొమ్మిది.
తొంభై.
పొయ్యి మీద చారు పొంగి చుయ్యిమన్నది,
ఎవ్వలం లేవలె.
తొంభై ఒకటి.

ఫోను ఆరింది, వెలిగింది.
తాళమేసిన. ఉన్నదంత కడుక్కోని మల్ల వెలిగింది,
ఏ భాష అని అడిగింది.
తెలుగు, అన్నడు పోశెట్టి, మనిషికి చెప్పినట్టు.

మ్యాపు తెరిసిన.
ముందుగాల ఒక నీలం సున్న, ఎడారంత.
అది ముడుసుకుంట ముడుసుకుంట వచ్చి
సజ్జా క్యాంపు, పద్నాలుగో రూము,
ఈ మంచం.

పోశెట్టి నవ్వలె.
ఆ చుక్క మీద వేలు పెట్టి
"ఇప్పుడు నిజమే గదా" అన్నడు.