రెండు నీలం టిక్కులు

ఒంగోలు, కర్నూలు రోడ్డు.
సెల్‌ఫోన్ల షాపు పైన మూడో అంతస్తు.
లిఫ్టు లేదు, బోర్డు లేదు.
పద్దెనిమిది కుర్చీలు, రెండొందల సిమ్ములు,
ఎవరూ తాగకుండానే చల్లారిన అల్లం టీ.
నా కార్డు మీద 'డిజిటల్ వ్యూహకర్త' అని ఉంటుంది.
మా అమ్మ పక్కింటోళ్లకి
'కంప్యూటర్లో గవర్నమెంటు పని' అని చెబుతుంది.
రెండూ అబద్ధాలు కావు.
నా వృత్తే అది,
అబద్ధం కాకుండా చూసుకోవడం.

మా నాన్నది మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పని.
ఉలి ఆనించి చిన్న దెబ్బ వేస్తే
రాయి తనంతట తనే పొరలుగా విడిపోయేది.
"బలం కాదమ్మే, పొర చూడాల" అనేవాడు.
దగ్గుతూ అనేవాడు.

నేను ఊళ్లకి పొర చూస్తాను.
పొగాకు రేటు ఎవరి కడుపులో మండుతోందో,
బ్యారన్ కట్టెల అప్పు ఎవరి నెత్తిన ఉందో,
గోడౌన్లో ఎవరి శనగ బస్తాలకి పురుగు పట్టిందో,
ఏ వీధి గ్రూపులో
ఏ రాత్రి ఏ వీడియో పడాలో.
చిన్న దెబ్బ చాలు.

గెలిచాం.
కుర్చీలు అవే, తెర మీద రంగు మారింది.
జనం కష్టం చెప్పుకోడానికి ఒక నంబరు పెట్టాం.
జవాబు నేనే రాశాను, ఒక్కసారే:
'మీ సమస్యను సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాం.'
మిగతాది యంత్రం చూసుకుంటుంది.
ఆ వాక్యంలో 'మేము' ఎవరో
రాసిన నాకే తెలీదు.

వెలిగండ్ల అవతల ఓ ఊరి నుంచి కాశింపీరా.
ప్రతి మంగళవారం ఒక ఫోటో.
ఖాళీ బిందెల వరస కాదు, రోడ్డెక్కిన గుంపు కాదు,
గచ్చు మీద చాపుకున్న తన మోకాళ్లు,
ఆ నీళ్లు తాగి తాగి వంకరపోయినవి.
కింద ఒకే మాట: "ట్యాంకరు రాలా."
యంత్రం వెంటనే దృష్టికి తీసుకెళ్లేది.
ఆయన కూడా వెంటనే
"సరే సారూ, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాల" అనేవాడు.
నలభై ఒక్క మంగళవారాలు.
నివేదికలో 'సంతృప్తి తెలిపినవారు' గడిలో
ఆయన ఒక్కడే నలభై ఒక్కమంది అయ్యాడు.
ఆ గడికే మాకు షీల్డు వచ్చింది.

షీల్డు వచ్చిన వారం ఫోటో రాలేదు.
ఆ పై వారమూ రాలేదు.
నా సొంత ఫోను నుంచి చేశాను,
మా ఆఫీసులో అది తప్పు.
"బ్యాలెన్సు అయిపోయిందమ్మా. ఇంతకీ నువ్వెవురు?"
గవర్నమెంటు అనబోయాను. పార్టీ అనబోయాను.
"మీకొచ్చే జవాబు రాసింది నేనే" అన్నాను.
"ఆడపిల్లవా!" అని నవ్వాడు చాలాసేపు.
"సారూ సారూ అంటిగదా, ఏమనుకోమాక.
ఆ నీలం టిక్కులు రెండు పడతయ్యే,
అయి చూసి మా ఆడమనిషి
యాడో ఒకచోట మనిషుండాడులే అంటది.
నీళ్లు వచ్చినప్పుడు వస్తయి.
అయి మాత్రం ఆపమాక."

ఆయనకి మూడు నెలల రీచార్జి వేశాను.
దయ వల్ల వేశానో, గడి కోసం వేశానో
ఇప్పుడు అడిగితే చెప్పలేను.

సాయంత్రం సుధీంద్ర గారు అడిగారు,
వచ్చే ఎన్నికలకి కనిగిరి వైపు ఏం నడుపుదామని.
"నీళ్లు" అన్నాను.
"నీళ్లు పాతబడ్డాయమ్మా.
చీలేది ఏదైనా చెప్పు."

మా నాన్న చేతికి ఎప్పుడో ఒకసారి
ఎంత కొట్టినా చీలని రాయి వచ్చేది.
తిట్టుకునేవాడు, ఆ రోజు కూలి తగ్గేది.
పారేసేవాడు మాత్రం కాదు.
సైకిలు మీద ఇంటికి తెచ్చిన అలాంటిదొకటి
మా గుమ్మం ముందు మెట్టయింది.
వాన పడ్డ రోజున
బురద కాళ్లు ఇప్పటికీ దాని మీదే తుడుచుకుని
లోపలికెళతాం.